గోలీలక్క చీర మీద మా రంగు

చదివే పెద్దలకు, పిల్లలకు నమస్కారం. నా చేతిరాత బాగుండదు. వేళ్లు రంగునీళ్లలో నాని నాని గట్టిపడ్డాయి, కలం సరిగా నిలవదు. ఊరి బడిలో చదివింది కొంచెమే కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతాయి. అచ్చు వేసేవాళ్లు దిద్దుకోండి. దిద్దినా మిగిలిపోతే చదివేవాళ్లు మన్నించండి.

మా వాడకట్టు గోలీలక్క చనిపోయింది. ఈ వానాకాలంలోనే, జ్వరమొచ్చి, కరీంనగర్ ఆసుపత్రిలో. పొద్దున ఆమె భర్త మావాడికి, అంటే నా కొడుక్కి, ఫోన్ చేశాడు. నేను వాకిట్లో కూర్చుని నూలు కట్టలు విప్పుతున్నాను. మావాడు వచ్చి రంగు కాగు కింది కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి నీళ్లు చల్లాడు. కాగులో అప్పటికే నూలు మునిగి ఉంది. సగంలో మంట తీస్తే ఆ నూలు ఎందుకూ పనికిరాదు. ఎందుకురా అని అడిగాను.

"వదినె పోయింది బాపు" అన్నాడు.

తడిసిన కట్టెల పొగ చాలాసేపు లేచింది.

మాది నేతపని ఊరు. సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు ఎక్కువ. మేము నూలుకు రంగు అద్దేవాళ్లం. మా తండ్రి, నేను, ఇప్పుడు నా కొడుకు. ఇంటి వెనకే కాగు, జాడించే తొట్టి, తడి నూలు ఆరేసే వెదురు బొంగులు ఉంటాయి. ఆమెది మా గోడ అవతలి ఇల్లు. ఆశా కార్యకర్త. ఆమె అసలు పేరు మా వాడకట్టులో ఎవరూ పిలవలేదు. ఇంటింటికీ వచ్చి గోలీలు మింగించే అక్క కనుక గోలీలక్క. ఆమె భర్త నన్ను చిన్నాయన వరసతో కాకా అంటాడు. ఆ లెక్కన నాకు కోడలు, మావాడికి వదినె. నన్ను మామా అని పిలిచేది. నేను తక్కువ మాట్లాడే మనిషిని. ఆమె అడిగినదానికి తల ఊపేవాణ్ణి. "మామ తల ఊపిండంటే మాట అయిపోయినట్టే" అని నవ్వేది.

గోలీలు సంచిలో పెట్టుకుని వచ్చేది కాదు. తన బిడ్డ బడికి పట్టుకుపోయిన పాత సద్ది డబ్బాలో పెట్టుకుని వచ్చేది. ఎందుకట్లా అని మా కోడలు, మావాడి పెండ్లాం, ఒకసారి అడిగింది. సంచి పట్టుకుని పోతే ఏ ఇంట్లో ఏ రోగముందో వాడకట్టంతా లెక్కబెడుతుందట. డబ్బా చూస్తే కూర తెచ్చిందనుకుంటారట. నిజంగానే చాలామంది అట్లానే అనుకున్నారు. మా ఇంటికి రోజూ కూర పంపేంత పొత్తు ఎప్పుడు కలిసిందని ఎదురింటివాళ్లు అడిగారు కూడా.

మూలమలుపు ఇంట్లో ఒక ముసలవ్వ ఉంది. షుగరు గోలీలు రోజూ వేసుకోదు. దాచుకుని, ఎవరింట్లోనన్నా తీపి తిన్న రోజు మాత్రం వేసుకునేది. గోలీలక్క ఆమె ముందు కూర్చుని, "అవ్వా, నువ్వు గోలీని మందనుకోకు, బువ్వనుకో. రేపటికి దాసుకుంటనని ఇయ్యాళ బువ్వ తినుడు బంద్ వెడ్తవా?" అన్నది. అవ్వ తిట్టింది. తిడుతూనే మింగింది. ఆ తిట్లు రోజూ వినడానికే వెళ్తున్నానని ఈమె మాకు చెప్పేది.

మావాడి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె గురించి చెప్పినట్టు కాదు.

మావాడికి దగ్గు పట్టింది. మేము రంగులో వేసే సోడా ఘాటు అనుకున్నాం. కాగు దగ్గర పనిచేసేవాడికి దగ్గు వింత కాదు, నేనూ నా జీవితమంతా దగ్గాను. గోలీలక్క గోడ అవతల బట్టలు ఆరేస్తూ వినేదట. ఒకరోజు గోడ మీంచే పిలిచింది.

"మామా, గిది ఘాటు దగ్గు గాదు. ఘాటు దగ్గు ఇంట్లకు వోతే ఆగుతది. మరిది పండుకున్నా దగ్గుతుండు. నాకు ఇనిపిస్తున్నది."

తానే వెంటబెట్టుకుపోయి తెమడ పరీక్ష చేయించింది. టీబీ అన్నారు. గోలీలు మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, భయపడొద్దని ఆమె ముందే చెప్పింది. మావాడు భయపడలేదు. అక్కడే వచ్చింది చిక్కు. వాడు భయపడలేదు, సంతోషపడ్డాడు.

రంగు పనివాడి బుద్ధి ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలి. నూలుకు రంగు అద్దిన తరువాత తొట్టిలో జాడిస్తాం. మొదట నీళ్లు ఎర్రగా వస్తాయి. జాడించగా జాడించగా తేటపడతాయి. నీళ్లు తేటగా వచ్చాయంటే పని అయిపోయినట్టు. పిండి ఆరేసుకోవడమే. మావాడు చిన్నప్పటినుంచి చూసింది ఇదే. ఏళ్ల తరబడి ఊపిరితో లోపలికి పోయిన రంగే రోగమైందని, గోలీ దాన్ని జాడిస్తున్నదని, అందుకే ఎర్రగా వస్తున్నదని లోపల లోపల అనుకున్నాడు. తేట నీళ్లు ఎప్పుడొస్తాయా అని చూశాడు. ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో గోలీలక్క గోలీల పట్టీలు ఇంట్లోనే ఇచ్చి పోయేది. మావాడు నెమ్మదస్తుడని ఆమె నమ్మకం. భైంసాలో మా చుట్టాల పెండ్లికి పోయినప్పుడు వాడు పట్టీలు ఇంట్లో మరిచాడు. అక్కడున్నన్ని రోజులు వేసుకోలేదు. మూత్రం తేటపడింది. వాడికి ప్రాణం లేచి వచ్చింది. రంగంతా పోయింది, రోగం పోయింది అనుకున్నాడు. అప్పటికే దగ్గు తగ్గి, ఆకలై, ఒళ్లు చేసి ఉన్నాడు కూడా. ఇంటికొచ్చాక వదినె మనసు నొచ్చుకుంటుందని చెప్పలేదు. రోజూ గోలీలు విప్పి మురికికాల్వలో వేసి, ఖాళీ పట్టీలు ఆమెకు చూపించాడు.

కొన్నాళ్లకు కాగు దగ్గరే రక్తం కక్కాడు. ఎర్రరంగు నీళ్ల పక్కన పడింది కాబట్టి ముందు మాకు తెలియలేదు. వాడి మూతి చూసి తెలిసింది.

మా కోడలు భయపడింది. ఆమెను తప్పుపట్టను. చిన్న పిల్ల ఉంది. పిల్లను తీసుకుని శ్రీరాంపూర్ పోయింది. ఆమె తండ్రి అక్కడ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు, దుమ్ముతో దగ్గి పోయినవాళ్లను చూసినవాడు. గోలీలన్నీ పూర్తిగా అయిపోయాకే పంపిస్తామన్నాడు. గోలీలు సరిగ్గా పడితే కొద్ది రోజులకే అంటుకోకుండా అవుతుందని గోలీలక్క ఫోన్లో ఎంతో చెప్పింది. పిల్లకు పరీక్ష చేయించి, రాకుండా ఉండే మందు కూడా అక్కడే ఇప్పించింది. వాళ్లు అన్నిటికీ సరేనన్నారు, పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఒకసారి మోసపోయినవాళ్లు మళ్లీ ఆ మాట నమ్మరు.

మళ్లీ పరీక్ష చేశారు. పాత మందే ఇంకా పనిచేస్తుందని చెప్పారు, అదొక్కటే మా అదృష్టం. కానీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈసారి ఆపితే ఆ మందు కూడా పనిచేయకపోవచ్చని డాక్టరు మావాడి ముందే చెప్పాడు.

ఆ రోజు గోలీలక్క వచ్చి మా తొట్టి గట్టు మీద కూర్చుంది. తిడుతుందని మావాడు తల దించుకున్నాడు. ఆమె తిట్టలేదు. ఎందుకు బంద్ చేశావని అడిగింది. వాడు చెప్పాడు, జాడించడం, తేట నీళ్లు, అన్నీ. ఆమె విని నా వైపు తిరిగింది.

"మామా, నూలు కాగుల ముంచుతరు గద. నడుమల తీస్తే ఏమైతది?"

పైకి రంగు పట్టినట్టే కనబడుతుందని చెప్పాను.

"కనవడ్తది. మల్ల?"

"ఉతికితే పోతది" అన్నాను.

"మల్ల మంచిగ పట్టాల్నంటే?"

ఉప్పు వేయాలి, సోడా వేయాలి, మంట మీద ఉంచి తిప్పుతూ ఉండాలి, దానికి పట్టేంత సేపు దానికి పడుతుంది, మన తొందర పనికిరాదు అని చెప్పాను. నేను ఒక్కసారి అంత మాట్లాడడం మావాడు కూడా వింతగా చూశాడు. ఆమె అప్పుడు వాడి వైపు తిరిగింది.

"ఇన్నవా మరిదీ. నువ్వు జాడిచ్చుడు అనుకున్నవు. గిది అద్దుడు. గోలీ నీ లోపలికెల్లి ఏం తీస్తలేదు, నీకు పడ్తున్నది. ఎర్రగ వస్తున్నదంటే మందు లోపలున్నట్టు. తేటగ వచ్చిందంటే కాగుల రంగే లేనట్టు. ఒట్టి నీళ్లల్ల నూలు తిప్పుతున్నవు అన్నట్టు."

మావాడు ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. తరువాత లేచి, రేపటినుంచి నా కండ్ల ముందే మింగాలె అని చెప్పి పోయింది.

రోజూ వచ్చింది. పొద్దున్నే, పరగడుపున. చెప్పులు గడప బయట జతగా విడిచేది. కాగు మూత మీద వేలితో కొట్టేది, అది ఆమె పిలుపు. వాడు గ్లాసుతో వచ్చేవాడు. మింగాక, "నోరు తెరువు. నాలిక లేపు" అనేది. కింద చూసేది. తరువాత ఏమాత్రం సిగ్గులేకుండా, "నిన్న ఎట్ల వచ్చింది?" అని అడిగేది. "ఎర్రగనే వచ్చింది వదినె" అని వాడు గొణిగేవాడు. "గట్లనా? మీ బాపు అద్దిన పెండ్లి చీర లెక్కనా?" అనేది. వాడు సిగ్గుతో లోపలికి పోయేవాడు. కడుపులో తిప్పుతుందని, తల బరువని వాడు మొండికేసిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎంతసేపని అడిగితే, నువ్వు మింగేంత సేపు అనేది. తరువాత పోవాల్సిన ఇళ్లు ఎన్నో ఉండేవి. అయినా కదిలేది కాదు. కల్లు ముట్టనని ఒట్టు వేయించుకుంది. ఆఖరి గోలీ మింగినరోజు తానే పోయి శ్రీరాంపూర్ నుంచి తల్లినీ బిడ్డనూ తోలుకొస్తానని మాట ఇచ్చింది.

ఆమె ఎప్పుడూ ఆరేసిన నూలు కిందే నిలబడేది. అక్కడైతే వెలుతురు బాగా పడి వాడి నోరు కనబడుతుందని. బొంగుల మీది తడి నూలు నుంచి చుక్కలు రాలి ఆమె యూనిఫారం చీర మీద, భుజం దగ్గర పడేవి. పక్కకు జరగమని నేను చేయి ఊపేవాణ్ణి. "పడనియ్యి మామా. మీ ఇంటికి వచ్చిన హాజరీ" అనేది. వాడకట్టులో ఎవరన్నా ఆమె చీర చూసి, ఇవాళ రంగోళ్ల ఇంటికి పోయి వచ్చావా అని అడిగితే, కూర ఇచ్చి వచ్చిన అని చెప్పేది.

ఆఖరిసారి వచ్చినప్పుడు వాన తుంపర పడుతోంది. ఆమె లోపలికి రాలేదు. గేటు దగ్గరే గొడుగు పట్టుకుని నిలబడింది. చీర యూనిఫారం కాదు, ఇంట్లో కట్టుకునేది. ముఖం వాడిపోయి ఉంది.

"నాకు జరమున్నది మామా. లోపటికి రాను. ఆనికి అంటితే అసలుకే ఎసరు" అంది.

డబ్బా గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది. వాడు తీసుకుని మింగాడు. అంత దూరంనుంచే నాలిక లేపమంది. కనిపిస్తలేదు, వెలుగులకు రా అంది. వాడు వానలోకి వచ్చి, ముఖం పైకెత్తి, నోరు తెరిచి నిలబడ్డాడు. వాన నోట్లో పడుతుంటే ఆమె నవ్వింది. చూసుకున్నాక, నువ్వు ముందు ఆసుపత్రికి పో వదినె అన్నాడు వాడు. "పోత, ఇంక రెండిండ్లున్నయ్" అని తిరిగింది. అదే చూడడం.

ఆమె పోయిన తరువాత మావాడు గోలీ ముట్టలేదు. ఎందుకురా అని అడిగాను.

"ఊరందరికి మింగిచ్చినామె నిలువలే. నేనేం నిలుస్త బాపు."

ఆమె పోయింది వేరే జ్వరంతో అని నాకు తెలుసు. వాడికీ తెలుసు. కానీ ఆ సంగతి నోటితో చెప్పడం నాకు రాలేదు. దవాఖాన నర్సమ్మ ఫోన్ చేసి, కొత్త మనిషి వచ్చేదాకా మీరే దగ్గరుండి మింగించాలని నాకు చెప్పింది. పట్టీలు పంపించింది. నేను సరేనన్నాను. సరేననడం సులువు.

ఆమెలాగే పొద్దున లేచి కాగు మూత మీద వేలితో కొట్టాను. వాడు లోపలనుంచి రాలేదు. గోలీలు అరచేతిలో పట్టుకుని వాడి మంచం దగ్గర నిలబడ్డాను. అటు తిరిగి పడుకున్నాడు. చేతి చెమటకు గోలీలు మెత్తబడ్డాయి. మరుసటి పొద్దున నా పోరు పడలేక తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నాలిక లేపమనాలి. పెండ్లయి పిల్లనుగన్న కొడుకును నోరు తెరువమని ఎట్లా అనను. అన్నా ఏం లాభం, నా రెండు కండ్లలో పొర వచ్చింది, నాలిక కింద ఏముందో నాకు కనబడదు. ఇక ఎర్రగా వచ్చిందా అని అడగడం నా చేత కాదు. ఆమె ఎంత తేలికగా అడిగేది. తండ్రిని నేను, అడగలేను. వాడు గోలీ మింగాడో, వెనక్కిపోయి ఉమ్మాడో నాకు తెలియదు. దగ్గు మాత్రం తిరిగి మొదలైనట్టు నా చెవికి వినబడుతోంది. ఒక్కోసారి అది నా దగ్గేమో అనుకుంటాను. అట్లా అనుకోవాలని ఉంటుంది.

శ్రీరాంపూర్ నుంచి మనుమరాలు ఫోన్ చేసింది. గోలీలు అయిపోవచ్చాయా తాతా అని అడిగింది. తల ఊపాను. ఫోన్లో తల ఊపితే పిల్లకేం తెలుస్తుంది.

ఇవాళ పొద్దున వాన తెరిపిచ్చింది. నేను గోడ పక్కన మూత్రానికి పోయి అటు చూశాను. వాళ్ల వాకిట్లో తీగ మీద ఆమె యూనిఫారం చీర ఉంది. జ్వరం వచ్చినరోజు ఉతికి ఆరేసి ఉంటుంది. ఆమె భర్తకు దాన్ని తీయడానికి చేతులు రాలేదనుకుంటాను. ఇన్నాళ్ల వానకు నానింది, ఎండకు ఎండింది. బట్ట వెలిసింది. భుజం దగ్గరి చుక్కలు మాత్రం అట్లానే ఉన్నాయి. ఎర్రవి, ఒకటి రెండు నీలివి. నా కండ్లకు ఏదీ సరిగా ఆనదు, రంగు ఆనుతుంది.

మావాణ్ణి పిలిచాను. వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వేలితో చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఉట్టిగ కారిన చుక్కలు గదా బాపు. కాగుల లేదు, మంట లేదు. ఒక్క ఉతుకుడుకే పోవాలె. ఎట్ల పట్టినయ్?" అన్నాడు.

వాడు పనివాడు. పనివాడు అడిగిన మాట. దానికి నాకు జవాబు తెలుసు.

"రోజు పడ్డయ్ గదరా" అన్నాను.

వాడు లోపలికి పోయాడు. బిందె మూత తీసిన చప్పుడైంది. గ్లాసుతో, పట్టీతో బయటికొచ్చాడు. బొంగుల కింద, ఆమె నిలబడే చోట నిలబడ్డాడు. మింగాడు. నా వైపు కాదు, గోడ వైపు తిరిగి నోరు తెరిచాడు, నాలిక లేపాడు. అవతల ఎవరూ లేరు.

ఇది ఇవాళ్టి మాట. రేపు పొద్దున ఏమవుతుందో నాకు తెలియదు. రేపు వాడు లేవకపోతే నేనేం మాట్లాడాలి, ఏమని అడగాలి? మీలో ఎవరన్నా ఇంట్లోవాళ్లకు ఇట్లా మందు మింగించినవాళ్లుంటే, మొండికేసినప్పుడు ఏం చెప్పేవాళ్లో రాయండి. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, నా నోటికి వచ్చేంత చిన్న మాటలు చాలు. ఆలస్యం చేయకండి, తొందరగా రాయండి. చూపు ఆనకపోయినా ఎవరితోనన్నా చదివించుకుంటాను.

చీర ఇంకా తీగ మీదే ఉంది. ఇది రాస్తుంటే మళ్లీ వాన మొదలైంది. గోడ అవతల అది తడుస్తోంది, నీళ్లు కారుతున్నాయి. తేట నీళ్లే. చుక్కలు కదల్లేదు.